శృంగారము, బలాత్కారము, చలనచిత్రము

"ఇంటిల్లిపాదియు కూర్చుండి చూడదగినదేనా?" చలనచిత్రమునుగూర్చి మన యిండ్లలో మొట్టమొదట పుట్టు ప్రశ్న యిదియే. కథ యెట్టిది, నటులెట్లు నటించిరి అనునవి తరువాతి మాటలు. ఈ ప్రశ్నను మేము తేలికగా త్రోసివేయువారము కాము. ఇది నేటి గృహస్థుల చాదస్తము కాదు. మిక్కిలి ప్రాచీనమైన విచారము. భరతముని నాట్యశాస్త్రమున శయనము, చుంబనము, ఆలింగనము మొదలగువానిని రంగముపై చూపరాదని నిషేధించి, కారణమును గూడ చెప్పెను: తండ్రికొడుకులును అత్తకోడండ్రును ఒక్కచోట కూర్చుండి నాటకమును చూచెదరు కదా యని. నిషేధమునకు నరకభయమును కారణముగా చెప్పక, ప్రక్కప్రక్కన కూర్చున్న మనుష్యుల మొగమాటమును కారణముగా చెప్పిన యాతని లోకజ్ఞతకు మేము చేతులు జోడించుచున్నాము.

అయినను ఆ నియమము దేనిని కాపాడగలదో, దేనిని కాపాడజాలదో విచారింపక గ్రుడ్డిగా పట్టుకొనుట మంచిది కాదు. మా కొత్తవాడ నేతగాండ్ర పేట. జంపఖానాలు నేయు మగ్గములున్న యిండ్లలోను, మావంటి బడిపంతుళ్ల యిండ్లలోను, ప్రొద్దు గ్రుంకుసరికి టెలివిజను ముందర మూడు తరములవారు చేరుదురు. అందు వచ్చు చిత్రములలో నాయకుడు తన్ను వలదన్న పడుచును వీధివెంట వెంబడించును, స్నేహితులను గుంపుగా కూర్చుకొని యామె దారికడ్డముగా నిలిచి పాడును, ఆమె చీదరించుకొనును, మఱి రెండు పాటలైన తరువాత ఆమెయే వానిని వలచును. చుంబనము లేదు, శయనము లేదు. భరతుని నిషేధములలో దేనిని దాటలేదు. తాత నవ్వును, మనుమడు నవ్వును. ఆ దృశ్యమును చూచి సిగ్గుపడి లేచిపోయిన యింటిపెద్దను మేమింతవఱకు చూడలేదు. ఆ మనుమడు మఱునాడు పాఠశాలకు వచ్చును. 'వలదు' అనగా 'ఇంకను కొంచెము బ్రతిమాలుము' అని యర్థమని వాడు నేర్చుకొని వచ్చిన పాఠమును మఱపించుటకు మా వ్యాకరణము చాలుట లేదు.

ఇక "దాసి" యను చిత్రమును చూతమన్నచో, అది యాడపిల్లలు చూడదగినది కాదను మాట విద్యావంతుల నోటనే వినుచున్నాము. ఈ రెండు తీర్పులును ఒక్క యింట, ఒక్క నోట నెట్లు పుట్టుచున్నవి?

"దాసి" 1988లో వచ్చినది. దర్శకుడు బి. నర్సింగరావు. కథ 1920 ప్రాంతముల నిజాము రాజ్యమున, తెలంగాణములోని యొక గడిలో నడచును. దొరసాని అత్తవారింటికి వచ్చునపుడు పుట్టింటివారు నగలతోపాటు దాసీపిల్లలను గూడ వెంట పంపు ఆచారము మన ప్రాంతమున నుండెను. ఆడబాప యను మాట మన పెద్దవారు కొందఱింకను మఱచియుండరు. గడిలోని దాసికి పగలంతయు చాకిరి; రాత్రి దొర పిలుపు. దొరకు వెగటు పుట్టువఱకో, ఆమె వయస్సు మీఱువఱకో యిదియే బ్రతుకు. ఈ చిత్రములోని దాసి పేరు కమలాక్షి. గర్భము నిలిచిన పిదప దానిని తీయించివేయుదురు. ఆ యేటి జాతీయ పురస్కారములలో ఐదు ఈ చిత్రమునకు వచ్చినవి: ఉత్తమ తెలుగు చిత్రముగా నొకటి, కమలాక్షిగా నటించిన అర్చనకొకటి, ఛాయాగ్రహణమునకు ఎ.కె. బీర్‌కు, కళాదర్శకత్వమునకు తోట వైకుంఠమునకు, దుస్తుల కూర్పునకు సుదర్శన్‌కు తక్కినవి. తెలంగాణపు స్త్రీలను తన చిత్తరువులలో పసుపుకుంకుమలతో నిలిపిన వైకుంఠమే యా గడిని తీర్చినాడనుట చదువరులకు జ్ఞాపకము చేయుచున్నాము.

సంస్కృతాలంకారికులు అశ్లీలమును కావ్యదోషములలో చేర్చి, మూడు విధములుగా విభజించిరి: వ్రీడను, అనగా సిగ్గును, పుట్టించునది, జుగుప్సను పుట్టించునది, అమంగళమును స్ఫురింపజేయునది. ఈ విభాగమును చదివిన నాటినుండి మాకొక సంగతి తోచుచున్నది. అశ్లీలమును వారు వస్తువునందు వెదకలేదు. వినువాని మనస్సున కలుగు వికారమునందు వెదకిరి. "దాసి"ని చూచినపుడు మాకును సిగ్గు కలిగినది, జుగుప్సయు కలిగినది. కాని యవి కమలాక్షిని చూచి కలిగినవి కావు. ఆ దొరను చూచి, ఆ గడి నీడలో నోరు మూసికొని బ్రతికిన జనమును చూచి, ఆ జనములో మన తాతముత్తాతలును ఉండిరి కదా యని తలచి కలిగినవి. వైరాగ్యమును బోధించుచోట్ల అశ్లీలమును గుణమగునని మమ్మటుడు కావ్యప్రకాశమున నంగీకరించెను. దేహముపై మోహమును విఱుచుటకు రోతను వాడవచ్చునని యాతని భావము. అధికారముపై మోహమును విఱుచుటకు మాత్ర మేల వాడరాదు? గడి గోడల యెత్తును, దొర మీసముల దర్పమును కొనియాడు చిత్రములకు మనకు కొఱత లేదు.

ఆ శాస్త్రమునందే దీనికంటె పదునైన మాట యింకొకటి కలదు. రతి యిరువురియందును లేక యొక్కరియందే యున్నచో అది శృంగారము కాదు, శృంగారాభాసము మాత్రమే యని విశ్వనాథుడు సాహిత్యదర్పణమున చెప్పెను. సీతయెడ రావణునకుగల కోర్కె దీనికి లోకప్రసిద్ధమైన యుదాహరణము. ముత్యపు చిప్పయందు వెండి తోచినట్లు, అందు శృంగారము తోచును గాని యుండదు. ఈ కొలతతో మన చలనచిత్రములను కొలిచి చూడుడు. వలదన్నదానిని వెంటాడు పాటలన్నియు ఆభాసములే. దోషమేమనగా, ఆ చిత్రకారులు దానిని ఆభాసమని యెఱుగక, లేక యెఱిగియు, రసమని మనకు వడ్డించుచున్నారు. "దాసి" యట్లు చేయలేదు. దొర గదిలో జరుగునది శృంగారమని చూపరికి ఒక్క క్షణమైనను భ్రమ కలుగనీయలేదు. మా దృష్టిలో లజ్జాశీలము గల చిత్రమిది.

న్యాయముగా నొక మాట చెప్పవలయును. విశ్వనాథుడు ఆ పట్టికలోనే అధమపాత్రల ప్రేమను గూడ ఆభాసమని చేర్చెను. కమలాక్షి యెవనినైన మనసార వలచియుండినను ఆ శాస్త్రము దానిని రసమని యొప్పుకొనకపోవును. ఆ భాగమును మేము గౌరవింపజాలము. బియ్యములోని రాళ్లవలె నేరి పాఱవేయుచున్నాము.

ఇంతవఱకు మార్గము సుగమము. దొర దుష్టుడు, దాసి దీనురాలు. తీర్పు చెప్పుట కష్టము కాదు. కష్టము "అంకుర్" వంటి చిత్రముతో మొదలగును. దానిని తీసిన శ్యామ్ బెనెగల్ సికింద్రాబాదు తిరుమలగిరిలో పుట్టి, 2024లో కీర్తిశేషుడైనవాడు. చిత్రము 1974 నాటిది. భాష హిందీయైనను నేల తెలంగాణము. పట్నమున చదివిన భూస్వామి కొడుకు సూర్య పల్లెకు వచ్చును. ఇంట పనిచేయు లక్ష్మి కుమ్మరి కిష్టయ్య భార్య. కిష్టయ్య చెవిటి మూగ, త్రాగుడునకు లోబడినవాడు. తనకు కులపు పట్టింపు లేదని సూర్య ఆమె చేతి టీ త్రాగును, ఆమె వండిన యన్నము తినును. ఊరివారు గొణుగుదురు. ఆ మేరకు వాడు మనవాడే, సంఘసంస్కర్తయే! పెనిమిటి ఊరు విడిచిపోయిన పిదప లక్ష్మి వానికి దగ్గఱయగును. తలుపులు విఱుగగొట్టుట లేదు, కేకలు లేవు. కొంత ఆదరము, కొంత నవ్వు గూడ ఉన్నవి. గర్భము వచ్చినంతనే వానికి భయము పుట్టును; తీయించుకొమ్మనును. ఆమె వినదు, ఆమెకు బిడ్డ కావలయును. తుదకు కిష్టయ్య తిరిగివచ్చి పని యడుగవచ్చినపుడు, వాడు పగ తీర్చుకొనవచ్చినాడని భ్రమించి సూర్య వానిని కొరడాతో కొట్టును. లక్ష్మి యడ్డము వచ్చి వానిని శపించును. ఒక పసివాడు ఆ యింటి కిటికీపై రాయి విసరును.

లక్ష్మి ఒప్పుకొన్నదా? మా మిత్రులలో నొకరు ఒప్పుకొన్నదనియే వాదింతురు; చూపులలో ఇష్టము కనబడుచున్నది కదా యందురు. మఱియొకరు, గింజలు, గుడిసె, కూలి అన్నియు ఆ యింటినుండియే వచ్చుచుండగా ఇష్టమను మాటకు అర్థమే లేదందురు. మేము ఈ రెండింటను పూర్తిగా నిలువలేకున్నాము. కాదనుటకు శక్తి లేనిచోట ఔనను మాట తేలిపోవును, ఇది నిజము. కాని పేదరాలికి తనదైన కోర్కెయే యుండదనుటయు నొక యవమానమే. ఆమె వానిని కొంత ఇష్టపడియే యుండవచ్చును. ఆ ఇష్టము ఆమెది. ఆ ఇష్టమునకు వెల కట్టవలసినపుడు ఆమె యొక్కతెయే చెల్లించుట మాత్రము వాని దోషము, వాని తండ్రి దోషము, ఆ భూమి పంపకపు దోషము. పరస్పర మనురాగమున్నదా లేదా యను ఆలంకారికుల ప్రశ్న యొక్కటియే చాలదని మాకీ చిత్రము నేర్పినది. ఆ యనురాగము చెడినపుడు ఎవరు వీధిన పడుదురు అనునది రెండవ ప్రశ్న. మన యిండ్లలో అంట్లు తోమి, గుడ్డలుతికి, చంటిపిల్లల నాడించు పనిమనుషులను, యౌవనమున నున్న మన కుమారులను ఒక్క కప్పు క్రింద నుంచుకొనియున్న మనము దీనిని పల్లెటూరి భూస్వాముల కథయని యూరకుండుట తగదు.

ఇట్టి చిత్రములన్నియు సదుద్దేశముతో తీసినవే కనుక నిర్దోషములని మేమనుట లేదు. శేఖర్ కపూర్ 1994లో ఫూలన్ దేవి జీవితమును "బ్యాండిట్ క్వీన్" అను పేర చిత్రించెను. ఆమె పడిన అత్యాచారములును, నగ్నముగా నామెను ఊరిబావికి నడిపించిన దృశ్యమును అందున్నవి. దానిని ప్రదర్శింపరాదను వ్యాజ్యము సుప్రీముకోర్టువఱకు పోగా, 1996లో ఆ న్యాయస్థానము పెద్దవారికి మాత్రము చూపునట్లు అనుమతించెను. ఆ నగ్నత చూపరికి కామమును గాక, బాధితురాలిపై జాలిని, దుర్మార్గులపై రోతను కలిగించునని న్యాయమూర్తుల యభిప్రాయము. అంతకు ముందే, 1970లో, కె.ఎ. అబ్బాస్ వ్యాజ్యమున ప్రధాన న్యాయమూర్తి హిదాయతుల్లా స్త్రీపురుష సంబంధమును చూపుటయు అశ్లీలమును ఎల్లప్పుడు ఒకటి కావని చెప్పియుండిరి. ఇవి వివేకవంతమైన తీర్పులే. కాని ఫూలన్ దేవి బ్రతికియుండగనే ఆ చిత్రము వచ్చినది. ఆమెయే దానిని ఆపుమని ఢిల్లీలోని న్యాయస్థానమును వేడినది. తరువాత రాజీపడినది. బ్రతికియున్న స్త్రీ మానభంగమును ఆమె యనుమతి లేక తెరపై మరల నడుపుట యేమి న్యాయమని అరుంధతీ రాయ్ ఆనాడే ప్రశ్నించినది. చూపరి మనస్సున నేమి పుట్టునని కోర్టు విచారించినది. ఈ దేహము ఎవరిదని ఫూలన్ అడిగినది. మొదటి ప్రశ్నకు చక్కని సమాధానము వచ్చినంత మాత్రమున రెండవది తీరిపోలేదు. జాలి కలిగించుటకైనను ఒకరి గాయమును వారు వలదనుచుండగా విప్పి చూపరాదని మా నిశ్చయము. వలదనుమాటను లెక్కింపమి గడిలో దోషమైనపుడు చిత్రశాలలో గుణమెట్లగును?

మఱియొక విచిత్రమును గమనింపుడు. ఒక్కరి కోర్కె మఱొకరిపై పడి త్రొక్కిన కథలను మన సంఘము ఎట్లో సహించును. స్త్రీ తన కోర్కెను తానే పలికినప్పుడు మాత్రము గగ్గోలు పుట్టును. దీపా మెహతా "ఫైర్" అను చిత్రము 1996 నాటిది. ఢిల్లీలో నొక యుమ్మడి కుటుంబము. భర్తల యాదరము లేని తోడికోడండ్రిద్దఱు ఒకరినొకరు ప్రేమింతురు. పెద్దామె రాధ, చిన్నామె సీత. హిందీలో చిన్నామె పేరు నీతయని మార్పవలసి వచ్చినది. బలాత్కారము లేదు, అనురాగము ఇరువురియందును గలదు. అయినను 1998 డిసెంబరులో బొంబాయిలోను ఢిల్లీలోను దానిని చూపిన చిత్రశాలలపై పడి అద్దములు పగులగొట్టిరి. వలదన్నదానిని వెంబడించు పాటలకు ఏ చిత్రశాల యద్దమైనను పగిలినదా? అట్టి యనురాగము నేరము కాదని మన సుప్రీముకోర్టు చెప్పుటకు 2018 సెప్టెంబరు 6వ తేదీ రావలసి వచ్చినది.

పరదేశపు గాలి యని కొందఱనెదరు. తెలుగువారమైన మనము ఆ మాట యనుటకు ముందు ముద్దుపళనిని తలచుకొనవలయును. తంజావూరి ప్రతాపసింహుని యాస్థానమున 18వ శతాబ్దమున నుండిన యా కవయిత్రి "రాధికాసాంత్వనము" వ్రాసినది. అందును నాయిక రాధయే. తన వలపును, ఈర్ష్యను, దేహపు కోర్కెను దాచుకొనక చెప్పుకొన్న రాధ. కందుకూరి వీరేశలింగము పంతులుగారు ఆ కావ్యమును స్త్రీలు వినదగనిదని ఖండించిరి. పంతులుగారి యెడ మాకున్న గౌరవము చిన్నది కాదు. మేము పట్టుకొన్న దీపము వారు వెలిగించినదే. కాని ఆ దీపము క్రింద నీడ యుండెను. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో ఆ కావ్యమును శ్రద్ధతో సరిచూచి ముద్రింపించి, సిగ్గును మర్యాదయు స్త్రీలకేనా, పురుషులకు లేవా యని పీఠికలో నిలదీసినది. మఱుసటి యేడు ప్రభుత్వము ఆ గ్రంథమును నిషేధించినది. నిషేధము 1947లో గాని తొలగలేదు. పురుషులు వ్రాసిన శృంగార ప్రబంధములను పాఠ్యములుగా పెట్టి బోధించుచు వచ్చిన లోకమే యిది. మేమును పాఠము చెప్పువారమే. ఏ పద్యమును దాటించి ముందునకు పోవలయునో ఉపాధ్యాయులకందఱకును తెలియును.

స్త్రీత్వ పురుషత్వముల విషయమునను మన చూపు ఇట్లే వంకర. స్థానం నరసింహారావుగారు చీర కట్టి సత్యభామగా రంగమెక్కినపుడు ఆంధ్రదేశము మైమఱచినది. 1956లో పద్మశ్రీ యిచ్చి గౌరవించినది. వేషము తీసివేయగనే ఆయన పురుషుడై యింటికి పోవును గనుక మనకు బెంగ లేదు. పురుషుడుగా పుట్టి స్త్రీగా బ్రతుకువారు తెరపై కనబడినచో మాత్రము చాలకాలము వారిని నవ్వులాటకే వాడిరి. 2014 ఏప్రిల్‌లో సుప్రీముకోర్టు వారికి తమ లింగమును తామే నిర్ణయించుకొను హక్కు కలదని తీర్పు చెప్పినది. హాస్యగాండ్రు ఆ తీర్పును చదివినట్లు తోచదు.

ఇపుడు మరల భరతుని వాకిటికి వత్తము. తండ్రికొడుకులు ఒక్కచోట కూర్చుండి చూచెదరని కదా ఆయన యన్నది. నేడట్లు కూర్చుండుట తగ్గిపోవుచున్నది. సెల్‌ఫోను ప్రతి చేతిలోను తెరయై నిలిచినది. తండ్రి మేడమీద నొకటి చూచును, కొడుకు గదిలో తలుపు మూసికొని యొకటి చూచును. పదునాలుగేండ్ల బాలుడు ఆ గదిలో నేమి చూచుచున్నాడో యింటివారు అడుగరు, అడుగుటకు సిగ్గు. 1952 నాటి చలనచిత్ర చట్టమును 2023లో సవరించి, పెద్దల తోడుతో చూడదగిన చిత్రములకు 7, 13, 16 ఏండ్ల మెట్లు కట్టిరి. మంచిదే, కాని యా మెట్లు చిత్రశాల ద్వారమునొద్ద నున్నవి, గది తలుపునొద్ద లేవు. అందులో వాడు చూచునది తఱచుగా "దాసి" కాదు, "అంకుర్" కాదు. వలదను మాటకు చెవి లేని చిత్రములు. వాని ప్రక్కన తండ్రి లేడు, అత్తకోడండ్రు లేరు. భరతుడు కాపాడదలచిన మొగమాటమే యక్కడ లేదు. మొగమాటపడుటకు ప్రక్కన నొక మనుష్యుడుండుట ఎంత మేలో ఇపుడు తెలియవచ్చుచున్నది.

అందుచేత మేము భరతుని తలక్రిందు చేయుచున్నామని చదువరులు కోపింపకుందురు గాక. వయసు వచ్చిన కొడుకును కూతురును ప్రక్కన కూర్చుండబెట్టుకొని, తల్లిదండ్రులు "దాసి"ని చూడవలయునని మేము చెప్పుచున్నాము. దీపములార్పి తప్పించుకొనరాదు, మధ్యలో మంచినీళ్లకని లేచిపోరాదు. చిత్రము ముగిసిన పిదప కొంత సేపు ఎవరును మాటాడరు. ఆ నిశ్శబ్దమును తండ్రియే విఱువవలయును. తల్లికి వదలివేయుట పరిపాటి, అది తగదు. కొడుకు సాధారణముగా అడుగు మొదటి ప్రశ్న మేమెఱుగుదుము, ఇట్టి కథలు పాఠముగా వచ్చినపుడు తరగతిలో బాలురు మమ్మును అదియే యడుగుదురు: "ఆమె యెందుకు పారిపోలేదు?" బాలికలు ఈ ప్రశ్న వేయగా మేము వినలేదు. అపుడు తండ్రి ఆ కాలపు పల్లెను వానికి వివరించి చెప్పవలయును: నేల దొరది, చెఱువు దొరది, ప్రక్క ఊరి దొర యీ దొరకు వియ్యంకుడు, ఊరి పట్వారియు పోలీసుపటేలును గడి మనుష్యులే. ఇంత చెప్పిన తరువాత వాడు మఱి యేమియు అడుగక తన గదిలోనికి పోవచ్చును. పోనిండు. ఆ రాత్రి తలుపు మూయకుండ నుంచుమని మాత్రము చెప్పుడు.